మన్రో దొర సమాధి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఏం మాట్లాడబోతున్నానో కరపత్రంలో చూసి నా బెంచీ మిత్రుడొకడు ఫోన్ చేశాడు. "యాభై ఏళ్ళ పండగ పెట్టుకుని తెల్లదొర గొడవ మనకెందుకురా? మన బడి సంగతులు చెప్పు" అన్నాడు. వాడిప్పుడు మూడో వరసలో కూర్చుని నవ్వుతున్నాడు. వాడడిగింది న్యాయమైన మాటే. జవాబు చివరలో చెబుతాను. అంతదాకా ఓపిక పట్టమని వాడికీ, మీకూ మనవి.

గుత్తి కోట ఎక్కనివాళ్ళు ఈ సభలో ఉండరు. సద్ది మూట కట్టుకుని, వరసలో నిలబడి, సారువాళ్ళ వెనకాల నడిచినవాళ్ళమే అందరం. కోట ఎక్కే దారి మొదట్లో, కొండ కింద ఇంగ్లీషువాళ్ళ శ్మశానం ఉంది. అక్కడ ఆగి పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పేవాళ్ళు, "మన్రో దొర ఇక్కడే పండుకున్నాడు" అని. నాకూ అట్లాగే చెప్పారు. నేనూ నా తరవాతివాళ్ళకు అట్లాగే చెప్పాను. పెద్దయినాక తెలిసింది, ఆయన అక్కడ లేడని. ఉన్నది నాలుగేళ్ళ లోపే. 1827 జులైలో పూడ్చారు, 1831 ఏప్రిల్లో అవశేషాలు తీసి మద్రాసుకు పట్టుకుపోయారు. అక్కడ సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చిలో మళ్ళీ పూడ్చారు. మన దగ్గర మిగిలింది గుర్తు కోసం నిలిపిన కట్టడం.

మరి ఇంత దూరం వచ్చి ఇక్కడ చచ్చిపోయిన ఆ మనిషి ఎవరు?

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి పొగాకు వ్యాపారి. అమెరికాలోని వర్జీనియాతో వర్తకం చేసేవాడు. అమెరికా వాళ్ళు ఇంగ్లండు మీద తిరగబడేసరికి ఆ వ్యాపారం నేలమట్టమైంది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదువుకున్న కొడుకు, బతుకు తెరువు కోసం కంపెనీ సైన్యంలో చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. అప్పటికి పందొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. చిన్నప్పుడు జబ్బు చేసి చెవులు సరిగా వినపడవు. అదే ఏడాది హైదర్ అలీతో యుద్ధం వచ్చింది. ఆ యుద్ధంలోనూ, తరవాత టిప్పుతో జరిగిన యుద్ధాల్లోనూ మన్రో ఉన్నాడు.

1792లో టిప్పు దగ్గర నుంచి బారామహల్, అంటే ఇప్పటి సేలం వైపు ప్రాంతం, కంపెనీకి వచ్చింది. అక్కడ కెప్టెన్ రీడ్ అనే అధికారి కింద మన్రో ఏడేళ్ళు శిస్తు పని నేర్చుకున్నాడు. జమీందారుతోనో గుత్తేదారుతోనో కాకుండా ఒక్కొక్క రైతుతో నేరుగా లెక్క తేల్చుకునే పద్ధతికి బీజం అక్కడే పడింది. శ్రీరంగపట్నం పడిపోయాక కొన్నాళ్ళు కెనరాలో పని చేశాడు. ఆ తరవాత మన దగ్గరికి వచ్చాడు.

1800లో నిజాం తన రాజ్యంలోని కొన్ని జిల్లాలను కంపెనీకి ఇచ్చేశాడు. ఇచ్చేసినవి కాబట్టి దత్త మండలాలన్నారు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత. మనం రాయలసీమ అని చెప్పుకునే నేలలో ఎక్కువ భాగం. దీనికి మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు మన్రో. 1800 నుంచి 1807 దాకా, ఏడేళ్ళు. ఆయన మకాములలో అనంతపురం ఒకటి. అయితే ఎక్కువ కాలం గడిపింది డేరాలలోనే. ఊరూరా తిరిగి, రచ్చబండ దగ్గర రెడ్లనూ కరణాలనూ రైతులనూ కూర్చోబెట్టుకుని మాట్లాడేవాడు. చెవులు మందమైన మనిషి రైతుల మాట మాత్రం విన్నాడు.

1802లో భూమి కొలత మొదలుపెట్టించాడు. కొలిచింది 33 అడుగుల గొలుసుతో. పొడవు 33, వెడల్పు 33 అడుగుల చదరాలు నలభై అయితే ఒక ఎకరం. లెక్క వేసి చూసుకోండి, సరిపోతుంది. తెలంగాణలో, కర్ణాటకలో ఇవాళ గుంట అంటున్నది సరిగ్గా ఆ చదరమే. మన వైపు సెంట్లలో చెప్పుకుంటాం గానీ, ఏ పొలం ఎంత, ఎవరిది, దాని మీద శిస్తెంత అని మడి మడికీ కాగితం పుట్టడం ఆ రోజుల్లో మొదలైన పనే. తాతల పట్టా అని మనం భద్రంగా దాచుకునే కాగితానికి మూలం అక్కడుంది. దీన్నే రైత్వారీ అన్నారు.

ఇంతవరకూ మంచి చెప్పాను. రెండో వైపు కూడా చెప్పకపోతే నాకు చరిత్ర చెప్పిన సారు ఒప్పుకోరు.

దత్త మండలాలలో అప్పుడు దాదాపు 80 మంది పాళెగాళ్ళు. ఎవరి కోట వాళ్ళది, ఎవరి బంట్లు వాళ్ళవి. వాళ్ళలో రైతును పిండినవాళ్ళున్నారు, ఆదుకున్నవాళ్ళున్నారు. మన్రో అందరినీ ఒకే గాటన కట్టాడు. సైన్యం తెచ్చి కొందరి పాళేలు లాక్కున్నాడు, కొందరికి పింఛను ఇచ్చి కూర్చోబెట్టాడు. ఆ పింఛన్లు, ఆ మాన్యాలు కాలం గడిచేకొద్దీ తగ్గి, ఆగిపోయి, చివరికి 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు ఒక కారణమయ్యాయి. 1847లో కోయిలకుంట్లలో ఆయనను బహిరంగంగా ఉరి తీశారు. మన్రో చనిపోయి అప్పటికి ఇరవై ఏళ్ళు. అయినా ఆ లెక్క ఆయన ఖాతాలో కొంతైనా రాయక తప్పదు.

శిస్తు సంగతీ అంతే. ఆయన ఉన్న ఏడేళ్ళలో దత్త మండలాల రాబడి దాదాపు సగానికి సగం పెరిగింది. పెరిగింది కంపెనీ ఖజానా. కట్టింది ఈ రాళ్ళ నేలలో వాన కోసం ఆకాశం చూసే రైతు. అయితే ఈ విషయం చెప్పిందీ ఆయనే. 1807లో వెళ్ళిపోయే ముందు రాసిన నివేదికలో, ఈ శిస్తు మోయలేనంత ఉంది, నూటికి 25 తగ్గించండి, బావుల కిందా చెరువుల కిందా సాగయ్యే భూములకు నూటికి 33 తగ్గించండి అని రాశాడు. పైవాళ్ళు ఒప్పుకోలేదు. పైగా రైత్వారీనే తీసేసి ఊళ్ళకు ఊళ్ళు గుత్తకిచ్చారు. గుత్తకు తీసుకున్నవాళ్ళు దివాలా తీశారు, రైతులు ఇంకా చితికిపోయారు. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చాక గానీ ఆ తగ్గింపు అమలు కాలేదు. పదమూడేళ్ళు పట్టింది. ఒక న్యాయమైన కాగితం మీద సంతకం పడడానికి ఎంత కాలం పడుతుందో ఈ సభలో ఉన్న రెవెన్యూ ఉద్యోగులకు నేను చెప్పక్కరలేదు.

మధ్యలో చేసిన పనులు త్వరగా చెబుతాను. ఇంగ్లండులో పార్లమెంటు ముందు సాక్ష్యమిచ్చాడు. 1814లో పెళ్ళి చేసుకుని, న్యాయ విచారణ పద్ధతులు సరిచేసే పని మీద మళ్ళీ మద్రాసు వచ్చాడు. చిన్న చిన్న తగాదాలు ఊళ్ళోనే తీర్చే గ్రామ మునసబుల చట్టాలు 1816లో ఆ కృషి వల్ల వచ్చాయి. మరాఠాలతో ఆఖరి యుద్ధంలో చిన్న దండుతో ధార్వాడ, బాదామి, బెళగావి, షోలాపూరు పట్టుకున్నాడు. 1820లో గవర్నరయ్యాడు.

గవర్నరుగా వచ్చిన ఆ జూన్ నెలలోనే మద్రాసు కాలేజీలో కుర్ర ఉద్యోగుల ముందు మాట్లాడుతూ, ఎవరిని పరిపాలిస్తారో వాళ్ళ భాష రాకపోతే మీ ఉద్యోగం దండగ అనే అర్థంలో గట్టిగా చెప్పాడు. విన్నవాళ్ళలో ఇరవై రెండేళ్ళు కూడా నిండని కుర్రాడొకడున్నాడు. పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆ మాటలు తన మీద పనిచేశాయని బ్రౌనే తరవాత చెప్పుకున్నాడు. ఆ ఏడే కడపకు వచ్చాడు. తరవాత కథ మన తెలుగు మాస్టార్లకు నాకంటే బాగా తెలుసు.

ఇప్పుడు మన బడి సంగతికి వస్తున్నాను. మిత్రుడు ఫోనులో అడిగింది కూడా అదే.

1822 జూన్లో గవర్నరు మన్రో కలెక్టర్లందరికీ ఒక ఉత్తర్వు పంపించాడు. మీ జిల్లాలో బడులెన్ని? పిల్లలెందరు? ఏ కులంవాళ్ళు? మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు? ఏం చదువుతారు? అయ్యవారికి జీతమెవరిస్తారు? నమూనా పట్టిక కూడా జత చేశాడు. తెల్లవాళ్ళు ఈ దేశంలో చదువు లేదని, ఉందని వాదించుకోవడమే గానీ ఎవరూ లెక్క పెట్టలేదని ఆయన ఫిర్యాదు. లెక్కలు అందరూ పంపేసరికి రెండున్నరేళ్ళకు పైనే అయింది. 1826 మార్చిలో మొత్తం తేల్చి రాశాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో 12,498 బడులు. జనాభా 1 కోటి 28 లక్షలు. అంటే సుమారు వెయ్యి మందికొక బడి. ఇది మన దేశం కంటే తక్కువే గానీ, నిన్నమొన్నటి దాకా ఐరోపాలో చాలా దేశాలలో ఉన్నదాని కంటే ఎక్కువ అని ఆయన అభిప్రాయం.

మన గుత్తి అప్పుడు బళ్ళారి జిల్లాలో ఉండేది. అనంతపురం వేరే జిల్లా అయింది 1882లో. బళ్ళారి కలెక్టరు కాంబెల్ తెలుగు వ్యాకరణం రాసిన పండితుడు. 1823 ఆగస్టులో ఆయన పంపిన జవాబు అన్ని జిల్లాల జవాబులలోకీ పేరు పొందింది. అంకెలు వినండి. జిల్లా జనాభా 9,27,857. బడులు 533. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. మిగతావి మరాఠీ, సంస్కృతం, పారశీకం, అరవం. ఇంగ్లీషు బడి ఒకే ఒక్కటి. మొత్తం పిల్లలు 6,641 మంది.

ఆ బడులు ఎట్లా నడిచేవో కూడా రాశాడు కాంబెల్. పొద్దున ఆరు గంటలకు బడి. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, అది గౌరవం. రెండోవాడి చేతిలో సున్న. వాడికి పొగడ్తా లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లిగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. అట్లా వచ్చినకొద్దీ ఒక్కొక్క దెబ్బ ఎక్కువ. ఈ లెక్కన నాకు రోజూ ఎన్ని పడేవో మా సార్లకు తెలుసు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పడం ఆయనకు బాగా నచ్చింది. కావ్యాలను అర్థం తెలియకుండా చిలక పలుకుల్లాగా వల్లె వేయించడం నచ్చలేదు. చాలా ఊళ్ళలో ఉన్న బడులు మూతపడుతున్నాయని, కారణం జనం బీదవాళ్ళైపోవడమని, విలాయతీ బట్ట వచ్చి మన నేతగాళ్ళ బతుకు దెబ్బతిన్నదని కూడా రాశాడు. సొంత ప్రభుత్వం తప్పును సొంత ప్రభుత్వానికే రాసిన కలెక్టరు. రాయగలిగేలా అడిగిన గవర్నరు.

ఒక్కో కలెక్టరు జిల్లాకు రెండు పెద్ద బడుల చొప్పున 40, తాలూకాలలో 300 బడులు ప్రభుత్వమే పెట్టాలని మన్రో ప్రతిపాదన. జిల్లా బడి ఉపాధ్యాయుడికి నెలకు 15 రూపాయలు, తాలూకా బడి ఉపాధ్యాయుడికి 9 రూపాయలు. కొన్ని బడులు మొదలయ్యాయి. తరవాతి ఏడు ఆయన పోయాడు. పదేళ్ళు తిరక్కుండానే అవి మూతపడ్డాయి.

ఆ చావు మన గుమ్మంలోనే జరిగింది. రాజీనామా ఇచ్చి, కొత్త గవర్నరు కోసం ఎదురు చూస్తున్నాడు. జబ్బు పడిన చిన్న కొడుకును తీసుకుని భార్య అంతకు ముందే ఇంగ్లండు వెళ్ళింది. ఓడ ఎక్కేలోపల తాను ఏడేళ్ళు తిరిగిన దత్త మండలాలను చివరిసారి చూసి రావాలని 1827 మే నెలాఖరులో బయలుదేరాడు. దారిలో కలరా ఉందని తెలుసు. జులై మొదట్లో గుత్తి చేరేసరికి విడిదిలోనే మనుషులు రాలిపోతున్నారు. పత్తికొండకు వెళ్ళాడు. జులై 6న పొద్దున జబ్బు మొదలై, రాత్రి తొమ్మిదిన్నరకు ప్రాణం పోయింది. 66 ఏళ్ళు. మరునాడు శవాన్ని గుత్తికి తెచ్చి కొండ కింద పూడ్చారు.

ప్రభుత్వం పత్తికొండలో మెట్ల బావి తవ్వించి, చుట్టూ తోపు వేయించింది. గుత్తిలో సత్రం కట్టించింది. మద్రాసులో చందాలు వేసుకుని గుర్రం మీద కూర్చున్న విగ్రహం పెట్టారు. జనం మాత్రం కథలు కట్టుకున్నారు. మంత్రాలయంలో మఠం మాన్యం విషయమై విచారణకు పోతే రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి మాట్లాడాడని ఒక కథ. కడప జిల్లా గండిలో పాపాఘ్ని మీద ఆకాశంలో బంగారు తోరణం కనిపించిందని, అది చూసినవాడు ఎక్కువ కాలం బతకడని ఇంకొక కథ. తిరుమలలో మన్రో గంగాళమని ఒక పాత్రకు పేరు. మాండవ్య ఋషే దొరగా పుట్టాడని చెప్పుకున్నారు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. ఇవి చరిత్ర కాదు. కానీ జనం ఊరికే కథ కట్టరు. అంతకు ముందు వచ్చినవాళ్ళూ, తరవాత వచ్చినవాళ్ళూ ఎట్లా ఉండేవాళ్ళో ఈ కథల్ని బట్టి ఊహించుకోవచ్చు.

ఇప్పుడు మిత్రుడికి జవాబు.

ఒరేయ్, నేను దొరకు దండ వేయమనడం లేదు. ఆయన పరాయి కంపెనీ మనిషి. మనకు స్వపరిపాలన ఏదో ఒక కాలానికి రావాలని 1824లోనే రాసినా, ఆ కాలం తన కాలం కాదనుకున్నవాడు. నేను చెప్పేది ఆయన అడిగిన ఒక్క ప్రశ్న గురించి. బడికి ఎవరు వచ్చారు అని ఆయన అడిగాడు. దానికి వచ్చిన జవాబులో ఒక అంకె నన్ను వదలడం లేదు. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60. తొమ్మిది లక్షల మంది ఉన్న జిల్లాలో అరవై మంది. కాంబెల్ నివేదికలో వాళ్ళ పేర్లు లేవు. అంకె ఒక్కటే ఉంది. గవర్నరుకు రెండు ఊళ్ళలో రెండు సమాధులు. ఆ అరవై మందికి ఒక్క అక్షరం లేదు.

ఇవాళ ఈ సభలో సగం మంది ఆడవాళ్ళే. సంతోషం. కానీ ఏడో తరగతిలో మన ముందు బెంచీలో కూర్చుని, లెక్కల్లో మనందరికంటే ముందుండి, వేసవి సెలవుల తరవాత రాని అమ్మాయి నీకు గుర్తుందా? మళ్ళీ ఆ పిల్లను మనం చూశామా? ఎందుకు రాలేదని ఎవరమైనా అడిగామా? శనక్కాయల పనికి పోయి ఆగిపోయిన మగపిల్లలు కూడా నలుగురున్నారు. ఈ సంచికలో డాక్టర్లయినవాళ్ళ ఫొటోలు, ఇంజినీర్లయినవాళ్ళ ఫొటోలు వేశాం. వేయాలి. చదువు ఆగిపోయినవాళ్ళు కూడా ఈ బడి పూర్వ విద్యార్థులే. వాళ్ళకు ఆహ్వానం పంపామా? చిరునామాలు లేవన్నారు. పేర్లయితే ఉన్నాయి. ఆఫీసు గదిలో బీరువాలో పాత అడ్మిషన్ రిజిస్టర్లలో తండ్రి పేరు, ఊరి పేరుతో సహా ఉన్నాయి.

సంఘానికి నా మనవి ఒక్కటే. ఆ రిజిస్టర్లు చెదలు పట్టకముందే పూర్తిగా నకలు తీద్దాం. ఎవరు చేరారు, ఎవరు ఏ తరగతిలో ఆగిపోయారు, ఎందుకు ఆగిపోయారు అని మన్రో వేసినట్టే పట్టిక వేద్దాం. ఊరూరా తిరిగి దొరికినవాళ్ళను పలకరిద్దాం. వచ్చే ఏడు సభకు వాళ్ళనూ పిలుద్దాం. వాళ్ళ మనవళ్ళు ఈ బడిలో చదువుతుంటే ఆ చదువు ఆగకుండా చూద్దాం. ఈ పనికి రిటైరయిన నాలాంటివాళ్ళం పదిమందిమి చాలు. రేపు పొద్దున పదింటికి ఆఫీసు గది దగ్గర ఉంటాను. హెడ్మాస్టరు గారు తాళం ఇస్తామన్నారు.

ఇంకొక చిన్న మాట. ఈసారి పిల్లల్ని కోటకు తీసుకుపోయినప్పుడు, కొండ కింద ఆగి, "మన్రో దొర ఇక్కడే పండుకున్నాడు" అని చెప్పకండి. మనకు చెప్పినట్టు తప్పు చెప్పకండి. నాలుగేళ్ళ లోపే ఇక్కడున్నాడు, మద్రాసుకు తీసుకుపోయారు అని చెప్పండి. ఆ మనిషి ఒకసారి మన బడులు లెక్కపెట్టించాడని కూడా చెప్పండి. ఆ లెక్కలో అరవై మంది ఆడపిల్లలున్నారని చెప్పి, మీ తరగతిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టమనండి.